మేస్త్రి కడిగేసిన కల

ఆ సోమవారం పొద్దున హేమలత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసు తెరవగానే సర్వరు ముందు కూర్చోవాలి. మనిషికొక ఫోల్డరు తయారు చేయాలి. అన్నం వేళకు పని ముగించి, ఆ తర్వాత ఎవరి కంటా పడకుండా కాసేపు కిటికీలోంచి నల్లమల కొండల్ని చూడాలి. పథకంలో ఈ చివరి భాగం ఆమెకు బాగా అలవాటు.

మార్కాపురంలో ఆ కిటికీ దగ్గర కూర్చుంటే కళ్లు వాటంతటవే సగం మూతపడతాయి. కింద షెడ్డులో రాయి కోసే చప్పుడు జోలపాటలా ఒకే శ్రుతిలో సాగుతుంది. బూడిదరంగు పొడి గాలిలో తేలుతూ ఎండను పల్చన చేస్తుంది. ఆ పొడి వెనక కొండలు నిజంగా ఉన్నాయో, ఎవరో బలపంతో గీసి సగం తుడిచి వెళ్లారో చెప్పడం కష్టం. ఆమె అట్లా చూస్తున్నప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినపడటం కూడా రోజూ ఉన్నదే.

"కలలు కనేదానికి కాదమ్మా నీకు జీతమిచ్చేది."

ఆ గొంతు యజమానురాలు కృష్ణవేణమ్మది. ఆమెది పలకల కంపెనీ. పిల్లలు అక్షరాలు దిద్దే రాతి పలకలు ఆమె షెడ్డులోంచే బళ్లకు వెళ్తాయి. గిద్దలూరులో ఇంకొక కంపెనీ ఉంది. వాళ్లు నేలకు పరిచే రాతి బిళ్లలు కోసి ఓడలెక్కించి అమ్ముతారు. ఏళ్ల తరబడి ఒకరి పనివాళ్లను ఒకరు లాక్కున్న ఈ రెండు కంపెనీలూ ఇప్పుడు ఒకటి కాబోతున్నాయి. శుక్రవారం సంతకాలు. ఆ లోపల రెండు ఆఫీసుల కంప్యూటర్లూ ఒకే కాపురం చేస్తున్నట్టు కనపడాలని కృష్ణవేణమ్మ హుకుం. కనపడితే హేమలత ఉద్యోగం పర్మినెంటు. లేకపోతే ఆ పని ఒంగోలు వాళ్లకు పోతుంది. హేమలత మళ్లీ హైదరాబాదు హాస్టలుకు పోతుంది. అక్కడ ఆమె గదికీ ఒక కిటికీ ఉండేది. అది తెరిస్తే పక్కింటి గోడ.

పని వినడానికి పెద్దదే గాని, అర్థం చేసుకోవడానికి తేలిక. ప్రతి మనిషికీ సర్వరులో ఒక పెట్టె. ఆఫీసు కంప్యూటరులో రాసింది ఆ పెట్టెలోకి పోతుంది. అక్కడినుంచి ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌లోకి దానంతటదే దిగుతుంది. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దుకుంటుంది. ఒకచోట తుడిస్తే అన్నిచోట్లా పోతుంది. చిక్కల్లా డొమైన్లతో వచ్చింది. మార్కాపురం వాళ్లదొక డొమైను, గిద్దలూరు వాళ్లదొక డొమైను. మనిషి పేరుకు ఇంటిపేరు ఎట్లాగో కంప్యూటరులో పేరుకు డొమైను అట్లాగ. పెట్టెల మీద ఏమని రాయమంటావని సర్వరు హేమలతను అడిగింది. ఉత్త పేరు రాయనా, పేరు పక్కన డొమైను కూడా తగిలించనా?

రెండోది క్షేమం. కాని ఆ పేర్లు చూడటానికి తోకలు కట్టిన గాలిపటాల్లా ఉన్నాయి. మొదటివి ముద్దుగా ఉన్నాయి. అందాన్ని చూసి తీసుకున్న నిర్ణయాలకు కారణాలు తర్వాత వెతుక్కోవడం హేమలతకు కొత్త కాదు. రెండు ఊళ్లలోనూ ఒకే పేరు గలవాళ్లు లేకపోతే ఉత్త పేరు చాలు గదా అనుకుంది. గిద్దలూరు డొమైను తెరిచి అందులో ఎవరెవరున్నారో చూసే అధికారం సంతకాలయ్యేదాకా మార్కాపురానికి లేదు. అందుకని అక్కడి ఆఫీసు చూసే ఝాన్సీకి ఫోను చేసి పేర్లు చదవమంది.

ఝాన్సీ గిద్దలూరు యజమాని కోడలు. ఎంబీఏ చదివింది. విదేశాల వాళ్లతో బేరాలు ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతుంది. ఆమె రామునుంచి మౌనికదాకా పేర్లన్నీ చదివి, చివర కొంచెం గొంతు తగ్గించింది.

"ఇంక మా మామయ్య."

అప్పటికే కిటికీ ధ్యాసలో పడ్డ హేమలత కాగితం మీద "మామయ్య" అని రాసుకుంది. ఆ పేరు గలవాళ్లు మార్కాపురం ఆఫీసులో ఎవరూ లేరు. గండం గడిచిందనుకుని ఉత్త పేర్లకే మీట నొక్కింది. ఇంక ఎవరు మొదటిసారి కంప్యూటరు తెరిస్తే వాళ్ల పేరుతో పెట్టె దానంతటదే పుడుతుంది. పాత ఫైళ్లు ఎక్కించడం అయ్యేదాకా పెట్టెలకు తాళాలు వేయడం శనివారానికి వాయిదా వేసింది. తుడిచిన వాటి నకళ్లు దాచే ఏర్పాటు కూడా శనివారానికే. అన్నం వేళకు పని అయిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఆమె పక్కన ఒక నీడ పడింది. ఈసారి కృష్ణవేణమ్మ కాదు, గురవయ్య మేస్త్రి. షెడ్డులో పలకలు కోసే వాళ్లందరికీ పెద్ద. చేతిలో ఒక పలక, తడిగుడ్డ ఉన్నాయి. ముఖం దిగాలుగా ఉంది.

మేస్త్రికి కలలెక్కువ. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా లోకాలు తిరిగి వస్తాడు. ఆయన భార్య మస్తానమ్మకు కలలంటే భయం. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందనీ, దాన్ని మనిషికి చెప్పేముందు రాయికి చెప్పాలనీ ఆమె పుట్టింటి నమ్మకం. అందుకని మేస్త్రి రోజూ పొద్దున షెడ్డుకు రాగానే కలను పలక మీద రాస్తాడు. టీ తాగినంతసేపు దాన్ని ఆరనిస్తాడు. తర్వాత తడిగుడ్డతో కడిగేస్తాడు. కల ఫలం నీళ్లలో పోతుంది. పెళ్లయిన నాటినుంచీ జరుగుతున్న కార్యక్రమమిది. ఇప్పుడు కృష్ణవేణమ్మ కొత్త రూలు పెట్టింది. ఎవరేం రాసినా కంప్యూటరులోనే రాయాలి. పలకలు అమ్మడానికే గాని ఆఫీసులో రాసుకోడానికి కాదు.

"ఇందులో రాసింది తుడిస్తే పోతాదా పాపా?" అని అడిగాడు మేస్త్రి.

"అన్నిచోట్లా పోతాది మేస్త్రీ. పలక మీదన్నా మరక మిగుల్తాదేమో గాని, ఇందులో ఏమీ మిగలదు."

మేస్త్రి ముఖం తేటపడింది. ఒంటి వేలితో తెలుగు టైపు చేయడం హేమలతే ఆయనకు నేర్పింది. మర్నాడు పొద్దున ఆయన తన పెట్టె తెరిచి, అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాశాడు. "గనిలో నీళ్లు నిండినాయి. పాల మాదిరి తెల్లగా ఉండాయి. బండలు ఆకులయి తేలుకుంటా పోతన్నాయి. కృష్ణవేణమ్మ పుట్టిలో కూచొని అందరికీ పలకలు పంచతంది. పుట్టి లేనోళ్లకు పలక లేదంట." రాసి, గ్లాసు చేతికి తీసుకుని, టీ తాగినంతసేపు దాని వంక చూస్తూ కూర్చున్నాడు. గ్లాసు కింద పెట్టి తుడిచేశాడు.

సరిగ్గా ఆ టీ వేళకే గిద్దలూరులో ఇంకొకాయన కూడా గ్లాసు చేతబట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆయన ఝాన్సీ మామగారు, ఆ కంపెనీ యజమాని. పనివాళ్లు, లారీవాళ్లు, బ్యాంకువాళ్లు అందరూ ఆయన్ని పెదనాయన అంటారు. ఆ ఊళ్లో ఆయన పేరు పలికిన వాళ్లను చూసి చాలా కాలమైంది. ఆయన కొత్త పెట్టె తెరిస్తే అందులో ఒక రాత ఉంది. రాసినవారు ఎవరని చూస్తే, కింద ఆయన పేరే ఉంది. మళ్లీ చదువుదామనుకునే లోపల ఆ రాత కళ్లముందే మాయమైంది.

ఇవన్నీ హేమలతకు తర్వాత ఝాన్సీ చెప్పగా తెలిశాయి. పెదనాయన కేకలేయలేదట. ఎవర్నీ పిలవలేదట. చాలాసేపు అట్లాగే కూర్చుని, తన రెండు చేతుల వైపూ కొత్తవి చూసినట్టు చూసుకున్నాడట. తన పెట్టెలో, తన పేరు మీద ఉంది కాబట్టి, తనే నిద్రలో లేచి రాసి ఉండాలని తేల్చుకున్నాడు. నిద్రలో రాసింది అబద్ధమై ఉండదని కూడా తేల్చుకున్నాడు. మధ్యాహ్నానికల్లా గనిలో ఉన్న మిషన్లన్నిటినీ పైకి ఎక్కించమని చెప్పాడు. సాయంత్రానికి కంభం చెరువు చేపలవాళ్ల దగ్గరినుంచి బుట్టల్లా గుండ్రంగా ఉండే పడవలు, రెండు పుట్లు అద్దెకు వచ్చాయి. గనిలో చుక్క నీరు లేదు. వాన పడి నెలలైంది. పుట్లను దించిన వాళ్లు ఎందుకని అడగలేదు. పెదనాయన చెప్పాడంటే ఏదో ఉండే ఉంటుందని, వాటిని ఎండిన రాతి మీద బోర్లించి నీడలో కూర్చున్నారు.

తర్వాతి పొద్దున మేస్త్రికి ఇంకొక కల వచ్చింది. "కొండ మీదనుంచి ఒక మబ్బు దిగొచ్చి కోత మిషను మీద పడుకునింది. మిషను నిద్రపోయినాది. పసిబిడ్డ మాదిరి గురక పెడతంది. లేపినోళ్లకు రాయి లొంగదని ఎవరో చెప్పినారు. ఎవరో కనపడలేదు." టీ అయిపోయింది. కల తుడిచేశాడు.

గిద్దలూరులో కోత మిషను ఆపేశారు. పెదనాయన ఇంట్లోంచి దుప్పటి తెప్పించి దాని మీద కప్పించాడు. పనివాళ్లు చెప్పులు విడిచి నడవాలనీ, మాట్లాడితే గుసగుసగా మాట్లాడాలనీ చెప్పాడు. ఝాన్సీకి మాత్రం అసలు సంగతి చెప్పాడు. ఆమె ఆయన పెట్టె తెరిచి చూస్తే రాత లేదు. హేమలతకు ఫోను చేసింది.

"మా మామయ్య పెట్టెలో రాతలొచ్చి పోతన్నాయంట హేమా. నాకేమీ కనపడటం లేదు. నువ్వు చూడు."

హేమలత తన కాగితం చూసింది. సర్వరు చూసింది. మామయ్య పేరుతో ఏ పెట్టే లేదు. పెద్దాయన ఇంకా కంప్యూటరు ముట్టుకోలేదేమో, ఊరికే ఏదో ఊహించుకుంటున్నాడేమో అనుకుంది. సర్వరులో లోపం ఉందని శుక్రవారానికి ముందు ఒప్పుకోవడం కూడా ఆమెకు ఇష్టం లేదు. అంతా శుభ్రంగా ఉందని చెప్పింది. ఫోను పెట్టేశాక ఝాన్సీకి మిగిలింది ఒకటే అర్థం. మామయ్యకు ఏదో అయింది. ఆమె భర్త వెంకటేష్ ఆ సాయంత్రమే తండ్రి లాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. కంప్యూటరు ముందు కూర్చోకపోతే నిద్రలో రాయడం తగ్గుతుందని ఆశ. పెదనాయన మాత్రం ఆఫీసులో కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

గిద్దలూరు గనిలో నీళ్లు పడ్డాయట, పుట్లు వేసుకుని తిరుగుతున్నారట అన్న కబురు కంభం మీదుగా మార్కాపురం చేరింది. మునిగిపోయిన గనితో పొత్తు పెట్టుకోవడానికి కృష్ణవేణమ్మ అమాయకురాలు కాదు. గురువారం పొద్దున్నే మేస్త్రిని బస్సెక్కించి, చూసి రమ్మంది. ఆయన ఆ రోజు కల రాసే తీరిక లేకుండానే వెళ్లాడు.

సాయంత్రం తిరిగి వచ్చిన మేస్త్రి నేరుగా కంప్యూటరు దగ్గరికి నడిచాడు. ఆయన ముఖం తెల్లబడింది రాతిపొడితో కాదు, భయంతోనని హేమలతకు తర్వాత తట్టింది. ఎండిన గనిలో రెండు పుట్లు చూశాడాయన. దుప్పటి కప్పుకున్న మిషను చూశాడు. వట్టి కాళ్లతో మునివేళ్ల మీద నడిచే మనుషుల్ని, ష్ అంటూ తనను ఆపిన కావలివాణ్ని చూశాడు. తను రాసి కడిగేసిన కల పట్టపగలు ఎండలో నిలబడి ఉంది. కడిగినా పోలేదంటే సరిగ్గా కడగలేదన్నమాట. ఆయన పెట్టె తెరిచి, అందులో కనపడినదల్లా తుడవడం మొదలుపెట్టాడు.

"అన్నిట్నీ ఎందుకు తుడుస్తన్నావు మేస్త్రీ?"

"ఇందులో వేరేవాళ్ల కలలు గూడా పడతన్నాయి పాపా. ఓడలంట, అరబ్బు దేశమంట, ఇనప పెట్టెలంట. నా కలలే నాకు బరువు. వాళ్లవి నేనెక్కడ మోసేది?"

హేమలత నవ్వి ఊరుకుంది. మేస్త్రి ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన గేటు దాటేసరికి ఫోను మోగింది. అవతల ఝాన్సీ. రేపు సంతకం పెట్టాల్సిన ఒప్పందం కనపడటం లేదు. వకీలు దగ్గర మొదట రాసిన ప్రతి ఉంది గాని, దాని మీద రెండు వైపులవాళ్లూ పట్టుబట్టి దిద్దించుకున్న దిద్దుబాట్లన్నీ మామయ్య పెట్టెలోనే ఉన్నాయి. మళ్లీ మొదటినుంచి రాయాలంటే మళ్లీ మొదటినుంచి కొట్లాడాలి. ఈసారి పెళ్లి పీటలదాకా రాదు. దాంతోపాటు ఓడల బేరాల కాగితాలు కూడా పోయాయి.

ఓడలు అన్న మాట దగ్గర హేమలత కళ్లముందు కొండలు ఒక్కసారి కదిలాయి.

"అక్కా, మీ మామయ్య పేరేంది?"

ఝాన్సీ గొంతు సవరించుకుంది.

"ఝాన్సక్కా, పేరు."

"నేనెట్ల చెప్పేది హేమా? మామయ్య పేరు నోటితో అనకూడదు గదా." అని, ఫోను పక్కకు తీసి కావలి మనిషిని పిలిచింది. "ఓబన్నా, మామయ్య పేరు ఈ అమ్మాయికి చెప్పు."

"పెదనాయన పేరు నేను పలికేదా?" అన్న ఓబన్న గొంతు దూరంగా వినపడింది. "నా వల్లగాదు తల్లీ. ఉద్యోగం తీసేసినా సరే."

కాసేపు ఆలోచించి, నోటితోనే గదా అనకూడనిది, వేలితో రాస్తే తప్పు లేదని ఝాన్సీ తేల్చింది. ఫోనులో మెసేజి వచ్చింది. ఒకే ఒక్క మాట.

గురవయ్య.

హేమలత కుర్చీలో వెనక్కి వాలింది. ఇద్దరు గురవయ్యలు. ఉత్త పేర్ల మీద మురిపెంతో తను ఇద్దరికీ కలిపి ఒకే పెట్టె పెట్టింది. ఒకాయన కలలు కడుక్కుంటూ ఇంకొకాయన వ్యాపారాన్ని కూడా కడిగేశాడు. నకళ్లు దాచే ఏర్పాటు శనివారం. ఇవాళ గురువారం. హైదరాబాదు హాస్టలు కిటికీ, దాని అవతలి గోడ, గోడ మీది పెచ్చులూడిన సున్నం అన్నీ ఆమెకు స్పష్టంగా కనపడ్డాయి.

అప్పుడు బీరువా గుర్తుకొచ్చింది. బుధవారం సాయంత్రం మూసి పెట్టిన లాప్‌టాప్. అది నిద్రలో ఉంది. మేస్త్రి అన్నీ తుడిచేసిన సంగతి దానికి ఇంకా తెలియదు. ఒప్పందం దాని కడుపులో భద్రంగా ఉంది. కాని నిద్రలేచి నెట్టు తగిలితే మొదట సర్వరును పలకరిస్తుంది. అక్కడ తుడిచేశారని తెలియగానే తనూ తుడిచేస్తుంది. చెప్పిన మాట వినడంలో దాన్ని మించిన కోడలు లేదు.

దాని పాస్‌వర్డు పెదనాయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన మంచి గడియ చూసుకుని అప్పటికే కారులో మార్కాపురం బయలుదేరాడు. రాత్రికి కృష్ణవేణమ్మ ఇంట్లోనే బస. అందుకని హేమలత ఝాన్సీకి ఒకటే మాట చెప్పింది.

"దాన్ని నిద్ర లేపొద్దు. అట్లనే ఎత్తుకొని పొద్దున బస్సుకు రా."

ఝాన్సీ ఆ లాప్‌టాప్‌ను మెత్తటి చీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని వచ్చింది. గతుకు వచ్చినప్పుడల్లా మూత కదులుతుందేమోనని రెండు చేతులతో పొదివి పట్టుకుంది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఆ మూట చూసి కిటికీ మూసింది. కంభం దగ్గర ఎక్కిన శనక్కాయలవాణ్ని కండక్టరే మెల్లగా అరవమన్నాడు. బస్సు బస్సంతా గొంతు తగ్గించుకుని, ఎవరి బిడ్డో ఏమో గాని చాలా బుద్ధిమంతురాలు, ఒక్కసారి కూడా ఏడవలేదని మెచ్చుకుందట.

శుక్రవారం ఆఫీసు గదిలో బల్ల మీద పూలు, స్వీట్లు, రెండు కొత్త పెన్నులు పెట్టి ఉన్నాయి. ఒక వైపు కృష్ణవేణమ్మ, ఇంకో వైపు పెదనాయన. మేస్త్రి టీలు అందిస్తున్నాడు. అనుకున్న ప్రకారం ఝాన్సీ మూటను హేమలత చేతికి ఇవ్వాలి. హేమలత వైఫై ఆపాలి. తర్వాత పెదనాయన చేత పాస్‌వర్డు కొట్టించాలి. కాని ఝాన్సీ గుమ్మంలో అడుగుపెట్టగానే పెదనాయన ఆ మూటను గుర్తుపట్టాడు. తప్పిపోయిన మనిషి ఎదురొచ్చినట్టు లేచి అందుకున్నాడు. చీర విప్పాడు. మూత మీద చేయి వేశాడు. ఒప్పందాల కోసం ఆ గదికి ఎన్నోసార్లు వచ్చిన లాప్‌టాప్ అది. అక్కడి వైఫైకి పాత చుట్టం.

హేమలత పరుగెత్తింది. వైఫై పెట్టె గోడమీద ఎత్తున ఉంది, స్టూలు లేదు. తలుపు పక్కన మెయిన్ స్విచ్చి ఉంది. రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగింది.

ఫ్యాను ఆగింది. లైటు పోయింది. కింద షెడ్డులో రంపాలన్నీ ఒకదాని వెనక ఒకటి నీరసించి ఆగిపోయాయి. మార్కాపురంలో ఆ పేటకు అంత నిశ్శబ్దం ఎప్పుడూ తెలియదు. గాలిలో పొడి నెమ్మదిగా కిందికి దిగసాగింది. కిటికీ అవతల కొండలు ఒక్కొక్క గీతగా తేటపడి, చెట్లు కూడా లెక్కపెట్టేంత దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. ఆ వెలుతురులో లాప్‌టాప్ మేలుకుంది. పెదనాయన పాస్‌వర్డు కొట్టాడు. సర్వరును పలకరిద్దామని అది చూసింది. పలికే సర్వరు లేదు. ఒప్పందం ఎక్కడిదక్కడే ఉంది. హేమలత దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అప్పుడు గాలి పీల్చుకుంది.

పెదనాయన ఒప్పందం వైపు చూడలేదు. పెట్టెలో పైకీ కిందికీ వెతుకుతున్నాడు.

"నిన్న రాయలేదు, ఈ పొద్దూ రాయలేదు," అన్నాడు దిగులుగా. "ఏమైందో నాకు."

చేతిలో పళ్లెంతో మేస్త్రి నిలబడిపోయాడు. ఏం రాయలేదని మెల్లగా అడిగాడు. పెదనాయన పాల లాంటి నీళ్ల గురించి, ఆకుల్లా తేలే బండల గురించి, మిషను మీద పడుకున్న మబ్బు గురించి చెప్పాడు. మేస్త్రి పళ్లెం బల్ల మీద పెట్టాడు.

"అవి నావి సామీ. నాకొచ్చిన కలలు. కడిగేసినా, పోలేదు."

ఇంక దాచేందుకు ఏమీ లేదు. హేమలత ఇద్దరు గురవయ్యల సంగతి మొదటినుంచి చెప్పింది. పెట్టెకు ఉత్త పేరు పెట్టింది తనేనని చెప్పింది. కృష్ణవేణమ్మ చూపు ఆమె మీదే ఉంది. ఆ చూపులో ఒంగోలు వాళ్ల ఫోను నంబరు చదువుకోవచ్చు. ఆగిన మిషన్లు, పోయిన పనిదినాలు, పుట్ల అద్దె తలుచుకుని పెదనాయన ఇప్పుడు లేచి వెళ్లిపోతాడని అందరూ ఎదురుచూశారు. ఆయన లేవలేదు. మేస్త్రి వైపు అసూయగా చూస్తున్నాడు.

"నేను పుట్టినకాడ్నుంచి కల కన్నోణ్ని కాదు చెల్లెమ్మా," అన్నాడు కృష్ణవేణమ్మతో. "పడుకుంటే బండ. లేస్తే బండలు. ఈ వారమే తెల్లారతందంటే ఏదో ఉన్నట్టుండె. సంతకం పెడతా. ఒక్క షరతు. రోజూ పొద్దున మీ ఆఫీసునుంచి నా పెట్టెలోకి ఒక కల రావాల. రాసుకోండి."

కృష్ణవేణమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. కలకు కరెంటు, డీజిలు, లారీ బాడుగ ఏవీ అక్కర్లేదు. రాసుకోమంది.

"మరి ఈ అమ్మాయి?" అంది.

"ఆ అమ్మాయిని తీసేస్తే పెట్టెలెవరు కలుపుతారు? ఉండనీ."

ఆ విధంగా హేమలత ఉద్యోగం పర్మినెంటు అయింది. శనివారం పెట్టెలకు తాళాలు పడ్డాయి. ప్రతి పేరుకూ వెనక దాని ఇంటిపేరు తగిలించింది. పేర్లకు తోకలొచ్చాయి. ఆమె వాటి వైపు చూడకుండా పని చేసుకోవడం అలవాటు చేసుకుంది. మేస్త్రి కలల కోసం మాత్రం వేరే ఒక పెట్టె కట్టింది. అందులో పడింది పెదనాయనకు చేరుతుంది. మేస్త్రికి తుడిచే అధికారం ఉండదు.

సోమవారం పొద్దున మేస్త్రి ఆ పెట్టె తెరిచి చాలాసేపు కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. పెళ్లయిన నాటినుంచి ఒక్క రాత్రి కూడా తప్పని కల, అడిగి రాయమనేసరికి రాలేదు. మర్నాడూ రాలేదు. ఇన్నేళ్లకు ఆయనకు హాయిగా నిద్ర పడుతోందని మస్తానమ్మ కృష్ణవేణమ్మకు కోడిని పంపింది. కృష్ణవేణమ్మ ఒప్పందం తీసి ఆ షరతు మళ్లీ చదివింది. ఆఫీసునుంచి కల రావాలని ఉంది. ఎవరి కల అని లేదు.

ఆ తర్వాతి వారం ఒక పొద్దున హేమలత దించిన తల ఎత్తకుండా సర్వరు పని చేసుకుంటోంది. వెనకనుంచి ఆ గొంతు వినపడింది.

"ఏందమ్మా, గిద్దలూరులో టీ వేళయింది. ఇంకా కల మొదలుపెట్టలేదా?"

హేమలత కీబోర్డు పక్కకు జరిపి, కిటికీ వైపు తిరిగి డ్యూటీలో చేరింది.